పత్తి పండే జిల్లాలో నూలు కరువు: జంపఖానా ఎందుకు పలచబడింది?

వరంగల్ పాత ఇళ్లలో పెట్టె అడుగున మడతపెట్టి దాచిన జంపఖానా ఒకటి ఇప్పటికీ దొరుకుతుంది. పెళ్లిళ్లకూ, భజనలకూ, చుట్టాలొస్తే పడుకోవడానికీ పరిచి పరిచి రంగు కొంచెం వెలిసి ఉంటుంది గానీ అంచు చెదరదు, నడుమ చిల్లు పడదు. అదే ఇంట్లో ఈ మధ్య కొన్నది రెండు ఉతుకులకే వదులై, మూలలు ఎవరో లాగినట్టు వంకర తిరిగి కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఎక్కువగా అనే మాటలు రెండే. "ఇప్పటివాళ్లకు పని రాదు" అనేది ఒకటి. "అంతా మోసం" అనేది రెండోది. జంపఖానాలు నేసే వరంగల్ కొత్తవాడలో మగ్గాల మధ్య కాసేపు కూర్చున్నవాళ్లు ఈ మాటలు అంత తేలిగ్గా అనలేరు.

నాణ్యత పడిపోయిందన్న ఫిర్యాదు, ముడిసరుకు దొరకడం లేదన్న వార్త పత్రికల్లో వేర్వేరు పేజీల్లో వస్తాయి. మన దగ్గర మాత్రం ఆ రెండూ ఒకటే కథ. కొరత ఎప్పుడూ ఖాళీ అరల రూపంలోనే రాదు. చాలాసార్లు దుకాణం నిండుగానే ఉంటుంది, కొరత సరుకులోపల ఉంటుంది.

దీనికి మనందరికీ గుర్తున్న ఒక ఉదాహరణతో మొదలుపెడతాను. 2025 వానాకాలంలో యూరియా కోసం ఉత్తర తెలంగాణ అంతా సొసైటీల ముందు లైన్లు కట్టింది. తెల్లవారుజామునే వచ్చి చెప్పులూ, పాస్ పుస్తకాలూ వరసలో పెట్టి కూర్చున్నారు. దిగుమతులు ఆలస్యం కావడం ఒక కారణమైతే, రామగుండం కర్మాగారం మధ్యమధ్య ఆగిపోవడం ఇంకొకటి. కొరత ఎంత తీవ్రంగా ఉన్నా బస్తా మాత్రం 45 కిలోలే, అందులో నత్రజని 46 శాతమే, ధర 266 రూపాయల 50 పైసలే. బరువూ, శాతమూ, ధరా మూడూ ప్రభుత్వం బిగించిపెట్టింది కాబట్టి కొరతకు బస్తాలోకి దూరే దారి లేదు. అందుకే అది రోడ్డు మీదికి వచ్చి లైనైంది, అందరికీ కనిపించింది, కలెక్టర్లు పరిగెత్తారు.

జంపఖానాకు అట్లాంటి బిగింపు లేదు. ఇంత పొడవు, ఇంత వెడల్పు అని మాత్రమే అడుగుతాం. బరువెంత, అంగుళానికి పోగులెన్ని, నూలు ఏ నంబరు, రంగు ఏ రకం అని అడిగే కొనుగోలుదారు వందలో ఒక్కరు కూడా ఉండరు. నూలు దొరకనప్పుడు, దొరికినా ధర అందనప్పుడు, పొడవు వెడల్పులు అట్లాగే ఉంటాయి. మిగతావన్నీ కొంచెం కొంచెం తగ్గుతాయి.

దూది ఇక్కడ, మిల్లు అక్కడ

దేశంలో పత్తి పండించే రాష్ట్రాల్లో తెలంగాణది గుజరాత్, మహారాష్ట్రల తర్వాతి స్థానం. ఏనుమాముల మార్కెట్‌కు సీజన్‌లో వచ్చే పత్తి చూస్తే వరంగల్‌లో నూలు కరువు అన్న మాటే నమ్మబుద్ధి కాదు. కానీ పత్తి వేరు, దూది వేరు, నూలు వేరు. క్వింటాలు పత్తిని జిన్నింగ్ చేస్తే దూది వచ్చేది దాదాపు మూడోవంతే, మిగిలింది గింజ. ఆ దూదిని 170 కిలోల బేళ్లుగా కట్టి లారీలకు ఎక్కిస్తారు. జిన్నింగ్ మిల్లులు మన చుట్టూ చాలానే ఉన్నాయి. నూలు వడికే మిల్లులే తక్కువ. దేశంలోని స్పిన్నింగ్ సామర్థ్యంలో సగానికి దగ్గరగా ఒక్క తమిళనాడులోనే ఉంది. మన బేళ్లు అటు వెళ్తాయి, గుంటూరు వైపు వెళ్తాయి, మహారాష్ట్రకు వెళ్తాయి, బంగ్లాదేశ్‌కూ వెళ్తాయి. అక్కడ నూలై, కిరాయి, దళారీ కమిషన్, వడ్డీ కలుపుకొని తిరిగొస్తాయి.

ఎప్పుడూ ఇట్లాగే లేదు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహి మిల్లులో దూది వడకడం నుంచి బట్ట నేయడం దాకా ఊళ్లోనే జరిగేది. 1974లో అది నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లింది. యంత్రాలు పాతబడ్డాయి, నష్టాలు పెరిగాయి, చివరికి మూతపడింది, స్థలం ప్లాట్లయింది. గోదావరిఖని దగ్గర అంతర్‌గాం మిల్లుదీ ఇంచుమించు అదే దారి. ఆ మిల్లుల గురించి మాట్లాడినప్పుడల్లా పోయిన ఉద్యోగాలే లెక్కకొస్తాయి. ఇంకో నష్టం ఎవరూ లెక్కగట్టలేదు. మిల్లు ఊళ్లో ఉంటే నూలు బాగాలేదని నేతకారుడు వెళ్లి మొహం మీద చెప్పగలడు, చిలప (నూలు చుట్ట) తిప్పి ఇవ్వగలడు, ఫలానా లాటు బాగుంది అదే కావాలని అడగగలడు. కోయంబత్తూరు నుంచి ఇద్దరు ముగ్గురు దళారుల చేతులు మారి వచ్చిన మూటను విప్పి చూశాక తిప్పి పంపేదెవరు? ముందే డబ్బు కట్టి ఉంటాడు. వచ్చిందే వాడాలి.

నాణ్యత జారడం పొలం దగ్గరే మొదలవుతుందని కూడా ఒప్పుకోవాలి. దూదికి విలువ ఇచ్చేవి పింజ (దూది పోగు) పొడవు, బలం, శుభ్రత. మొదటి ఏరివేతలో వచ్చే తెల్లటి పత్తికీ, చివర్లో గులాబీ పురుగు కొట్టి కాయ సగం విచ్చి గిడసబారిన పత్తికీ మధ్య చాలా తేడా ఉంటుంది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వరంగల్, హనుమకొండలను ముంచినప్పుడు చేతికొచ్చిన పత్తి చేలోనే తడిసి రంగు మారింది. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ కేంద్రంలో తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే అసలు తీసుకోరు. తేమకు యంత్రం ఉంది, ఒక అంకె ఉంది, కాబట్టి దాని మీదే తగాదా అంతా. పింజ పొడవును రైతు కళ్లముందు కొలిచి, మంచి పత్తికి క్వింటాలుకు ఇంత ఎక్కువ అని ఇచ్చే ఏర్పాటు మాత్రం మన మార్కెట్లో కనపడదు. కూలీలు దొరక్క ఒకటి రెండు ఏరివేతలతోనే ముగించిన పత్తి, ప్లాస్టిక్ సంచుల పోగులు కలిసిన పత్తి, శుభ్రంగా ఏరిన పత్తి, మూడూ ఒకే కుప్పలో కలిసిపోతాయి. మంచి పత్తి తెచ్చిన రైతుకు దక్కేదేమీ లేనప్పుడు రేపు అతను ఎందుకు వేరుచేసి తెస్తాడు?

దీనికి తోడు మొత్తం పంటే తగ్గుతోంది. 2013-14లో దేశంలో 398 లక్షల బేళ్ల పత్తి పండింది. ఈ మధ్య సంవత్సరాల్లో అది 300 లక్షల బేళ్ల దగ్గరికి దిగింది. విదేశీ పత్తి మీద 2021లో వేసిన 11 శాతం దిగుమతి సుంకాన్ని 2022లో కొన్ని నెలలు, మళ్లీ 2025 ఆగస్టు నుంచి ఏడాది చివరి దాకా ఎత్తేయాల్సి వచ్చిందంటే ఇక్కడి దూది మిల్లులకు చాలడం లేదనే అర్థం. సుంకం ఎత్తేస్తే రైతు ధర పడుతుంది, ఉంచితే నూలు ధర లేస్తుంది. ఏ వైపు కదిలినా మన జిల్లాలోనే ఒకరి మీద పడుతుంది.

లావు నూలు ఎవరికీ గిట్టదు

నూలుకు నంబరు ఉంటుంది. 840 గజాల చిలపలు ఎన్ని తూగితే ఒక పౌండు అవుతుందో అదే ఆ నూలు నంబరు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. చీరలకు ఎనభై, వంద నంబర్లు వాడితే, జంపఖానాకు కావలసింది ఆరు, పది లాంటి లావు నూలు. చూడటానికి ఇదే సులువుగా దొరకాలనిపిస్తుంది. జరిగేది తలకిందులు. మిల్లుకు సన్న నూలు మీద కిలోకు మిగిలేది ఎక్కువ, ఎగుమతి గిరాకీ ఎక్కువ. లావు నూలుకు దూది ఎక్కువ పడుతుంది, ధర తక్కువ పలుకుతుంది. కాబట్టి మంచి పింజ ఉన్న దూది సన్న నూలుకు వెళ్తుంది. దువ్వెన యంత్రం కింద రాలిన పొట్టి పోగులు, మిల్లు వ్యర్థం, పాత బట్టలు చీల్చి తీసిన పీచు లావు నూలుకు వస్తాయి. పానీపట్ లాంటి చోట్ల పాత బట్టల నుంచి నూలు తీయడం పెద్ద పరిశ్రమే. ఇట్లాంటి పీచును ఎక్కువగా 'ఓపెన్ ఎండ్' పద్ధతిలో వడుకుతారు. వేగంగా తయారవుతుంది, చవక. రింగు పద్ధతిలో వడికిన నూలంత బలం దానికి ఉండదు.

నేతకారుడికి ఇంకొక ఇబ్బంది ఉంది. చేనేతకు నూలు చిలపల్లో కావాలి, ఎందుకంటే రంగు వేసేది చిలపకే. మరమగ్గానికి కోన్ కావాలి. చిలప కట్టడం మిల్లుకు అదనపు పని, అదనపు కూలి. అందుకే మిల్లులు తాము అమ్మే నూలులో కొంత భాగాన్ని తప్పనిసరిగా చిలపల్లోనే ఇవ్వాలని కేంద్రం చట్టబద్ధంగా నియమం పెట్టింది. ఒకప్పుడు ఆ వాటా 50 శాతం. 2003లో 40కి తగ్గించారు. 2019లో 30కి తగ్గించారు. పైగా ఒక మిల్లు తన వాటా తాను కట్టకుండా ఇంకో మిల్లు చేత కట్టించి లెక్క చూపించే వీలుంది. కాగితం మీద లెక్క సరిపోతుంది. కొత్తవాడకు కావలసిన పదో నంబరు నూలు కావలసిన నెలలో వస్తుందని మాత్రం ఆ లెక్క హామీ ఇవ్వదు.

జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారా వచ్చే నూలుకు 15 శాతం రాయితీ ఉంది. మంచి పథకమే, ఇంకా బలపడాలని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ముందుగా డబ్బు కట్టాలి, తర్వాత సరుకు కోసం చూడాలి. బకాయిలు రాక ఖాళీ అయిన చేనేత సొసైటీకి ఆ ముందు డబ్బే ఉండదు. అప్పుడు బజారు నూలే గతి, అదీ అప్పు మీద. అప్పు తీసుకునేవాడు నాణ్యత గురించి బేరమాడలేడు.

2022ను గుర్తుచేసుకుంటే ఇదంతా ఒక్కచోట కనిపిస్తుంది. ఆ ఏడాది మే నెలలో 356 కిలోల క్యాండీ దూది ధర లక్ష రూపాయలు దాటింది. 2021 మొదట్లో అది అందులో సగం కూడా లేదు. పత్తి రైతు బాగుపడ్డాడని అప్పట్లో చాలామంది అనుకున్నారు. కొంతమంది బాగుపడ్డారు కూడా, ఏనుమాములలో క్వింటాలు పది వేలు దాటి పలికింది. కానీ మన దగ్గర పత్తి అమ్మకాలు ఎక్కువగా అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపల అయిపోతాయి. మే నెలలో ధర శిఖరానికి చేరేసరికి చిన్న రైతు ఇంట్లో పత్తి లేదు. ఆ ధర దక్కింది బేళ్లు నిల్వ ఉంచుకోగలిగినవాళ్లకు. దాని బరువు మోసింది నూలు కొనేవాళ్లు.

ఆ బరువు మగ్గం మీద ఎట్లా పడుతుందో ఒక ఊహా లెక్కతో చెబుతాను. ఒక జంపఖానా వెయ్యి రూపాయలకు ఇస్తానని సొసైటీ టెండర్లో ఒప్పుకుందనుకోండి. అందులో నూలు ఐదు వందలు, కూలి మూడు వందలు, రంగు నూరు, మిగిలేది నూరు. సరుకు ఇచ్చేలోపు నూలు ధర 40 శాతం పెరిగింది. నూలు ఖర్చు ఏడు వందలైంది. మిగులు పోయి, జంపఖానాకు నూరు రూపాయలు ఎదురు నష్టం. టెండర్ ధర మారదు. కూలి ఇంకా తగ్గిస్తే మనిషి మగ్గం దిగిపోతాడు. మిగిలింది నూలూ, రంగూ. ఐదోవంతు నూలు తగ్గించి నేస్తే నూట నలభై ఆదా అయి, నష్టం పోయి నలభై మిగులుతుంది. రంగులో కూడా కొంత ఆదా చేస్తే పాత మిగులుకు ఇంకొంచెం దగ్గరపడొచ్చు. ఇక్కడ తప్పు ఎవరిదని అడిగితే నా వేలు నేతకారుడి వైపు పోదు. ధర పెరిగితే టెండర్ సవరించే నిబంధన పెట్టనివాళ్ల వైపు పోతుంది.

చేత్తో పట్టుకుని చూస్తే

ఈ తగ్గింపులు ఎక్కడెక్కడ జరుగుతాయో తెలిస్తే కొనేవాళ్లు కూడా గుర్తుపట్టగలరు. జంపఖానాలో పైకి కనిపించే రంగు చారలన్నీ పేకే. పడుగు లోపల దాగి ఉంటుంది. పేకను ఇనుప పంజాతో గట్టిగా కొట్టి దగ్గరికి చేరుస్తారు. పాత జంపఖానాను వేళ్లతో విడదీయబోతే పడుగు కనపడదు, అంత బిగువుగా ఉంటుంది. కొత్తదాన్ని రెండు బొటనవేళ్ల మధ్య పట్టి పక్కలకు నెట్టండి. తెల్లటి పడుగు పోగులు వెంటనే తొంగిచూస్తే అంగుళానికి వేయాల్సిన పోగుల్లో కోత పడినట్టే. ఒకే కొలత ఉన్న రెండింటిని తూకం వేసినా ఇదే బయటపడుతుంది.

తర్వాత కొసన వేలాడే ఒక పేక దారాన్ని లాగి, పురి విప్పండి. మంచి దూది అయితే పొడవాటి పోగులు మెల్లగా సాగుతూ విడిపోతాయి. వ్యర్థం కలిసిన నూలైతే పురి విప్పుతుండగానే పుటుక్కున తెగి, చిన్న చిన్న నూగు చేతికి అంటుకుంటుంది. ఒక్కోసారి ఆ నూగులో జంపఖానాకు సంబంధం లేని ఎరుపో ఆకుపచ్చో పోగు కనిపిస్తుంది, అది చీల్చిన పాత బట్ట నుంచి వచ్చింది. దారాన్ని అగ్గిపుల్లతో కాలిస్తే నూలు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది. కాలిన కొస గట్టి నల్లపూసలా ముద్ద కడితే పాలిస్టర్ కలిసిందని అర్థం. ఇక తడిపిన తెల్ల గుడ్డతో రుద్దండి. నూలులో గట్టిగా పట్టుకునే వ్యాట్ రంగు గుడ్డకు అంటదు. నీళ్లలో కలిపి ముంచి తీసే చవక డైరెక్ట్ రంగైతే అంటుతుంది.

రంగుల సంగతికొస్తే ఇది కొత్త జబ్బు కాదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ పట్టు తివాచీ వెళ్లి మెప్పు పొందింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో చవక రసాయన రంగులు, తొందర పని ముంచుకొచ్చి దేశమంతటా తివాచీల పేరు చెడింది. చవక ముడిసరుకు వచ్చినప్పుడు దాన్ని వద్దనే స్థోమత నేతకారుడికి అప్పుడూ లేదు. ఇప్పుడు రంగులకు కావలసిన ముడి రసాయనాలు చాలావరకు గుజరాత్ నుంచి, చైనా నుంచి వస్తాయి. చైనా కాలుష్య నియంత్రణ బిగించిన 2017-18 ప్రాంతంలో వాటి ధరలు ఎగబాకాయి. కొత్తవాడ అద్దకం తొట్టె దాకా ఆ సెగ వచ్చింది.

2018లో వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ప్రకారం జంపఖానా చేనేతకే కేటాయించిన పదకొండు రకాల్లో ఒకటి కూడా. పేరుకు రక్షణ ఉంది, రకానికి రక్షణ ఉంది. ఆ పేరుతో నేయడానికి కావలసిన నూలుకు ఏ రక్షణా లేదు.

సిరిసిల్లలో ఇదే కథ, వేరే దారంతో

సిరిసిల్ల మరమగ్గాల్లో ఎక్కువ భాగం పాలిస్టర్ నేస్తాయి. నూలు సూరత్ వైపు నుంచి వస్తుంది. ఇక్కడ కొరత నూలుకే కాదు, సమయానికి కూడా. 2017లో ప్రభుత్వం ఆడవాళ్లకు ఉచితంగా పంచిన బతుకమ్మ చీరల మొదటి ఏడాది దాదాపు కోటి చీరలు కావాల్సి వచ్చాయి. పండగ తేదీ మారదు, మగ్గాలు అంత వేగంగా నేయలేవు. అందుకని సగం దాకా సూరత్ నుంచి కొన్నారు. పంచే రోజున నాసిరకం అని కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు చీరలకు నిప్పు పెట్టారు. టీవీలో మంటలు చూసినవాళ్లు సిరిసిల్ల చీరే అట్లా ఉందనుకున్నారు. చెడ్డపేరు వచ్చింది మాత్రం రాత్రింబవళ్లు మగ్గాలు నడిపిన ఊరికి. ఈ అన్యాయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. తర్వాతి ఏళ్లలో ఆర్డర్ ముందుగా ఇచ్చినప్పుడు అంచులూ, రంగులూ, డిజైన్లూ ఎన్నో రకాలుగా అదే ఊరు నేసి చూపించింది.

నాణ్యత పేరుతో తెచ్చిన నియమం కూడా కొరతను పుట్టించగలదనడానికి పాలిస్టరే సాక్ష్యం. నాసిరకం దిగుమతులను ఆపడానికి కేంద్రం 2023లో పాలిస్టర్ పీచుకూ, నూలుకూ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి చేస్తూ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులు అమలులోకి తెచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ విదేశీ కంపెనీలకు ఆ గుర్తు దొరకడం కష్టమై దిగుమతులు తగ్గాయి. దేశంలో ఈ నూలు తయారుచేసే పెద్ద కంపెనీలు కొన్నే కాబట్టి ధర చెప్పే బలం వాళ్ల చేతికి వెళ్లింది. నూలుకు గుర్తు వచ్చింది, ఆ నూలు కొని నేసేవాడి చేతిలో డబ్బు తగ్గింది, అతను ఇంకోచోట కోత పెట్టాడు. చివరికి 2025 నవంబరులో ఈ ఉత్తర్వులను వెనక్కి తీసుకున్నారు. పైమెట్టు మీద నాణ్యత బిగించి కింది మెట్టుకు ఊపిరి ఆడనీయకపోతే బట్టలో బాగు కనిపించదు.

చేతుల కొరత

నూలు కొరత నెలల్లో వచ్చి నెలల్లో పోతుంది. చేతుల కొరత అట్లా కాదు. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా భివండికీ, షోలాపూర్‌కూ, సూరత్‌కూ వలస వెళ్తూనే ఉన్నాయి. కొత్తవాడలో మగ్గం మీద కూర్చున్నవాళ్లలో ఎక్కువమందికి తల నెరిసింది. వాళ్ల పిల్లలు ఆ మగ్గం గుంటలోకి దిగరు, దిగమని వాళ్లూ చెప్పరు. రోజంతా పంజా కొడితే వచ్చే కూలి సెంట్రింగ్ పనికి వెళ్లినవాడి కూలిలో సగం కూడా లేనప్పుడు ఎవరైనా అదే చేస్తారు.

నాసిరకం నూలు ఈ వలసను ఇంకా తొందరపెడుతుందన్నది బయటివాళ్లకు అంతగా తెలియని సంగతి. కూలి నేసిన ముక్కకు ఇస్తారు, గంటకు కాదు. నూలు మాటిమాటికీ తెగుతుంటే నాడె ఆపి, పోగు వెతికి, ముడివేసి మళ్లీ మొదలుపెట్టాలి. మంచి నూలుతో రోజుకు నేసేంత చెడ్డ నూలుతో నేయలేరు. అంటే చెడ్డ నూలు ధర మిల్లు దగ్గర తక్కువైనా ఆ తేడాను కట్టేది నేతకారుడి రోజు. ఆ విసుగుతో ముందుగా మగ్గం దిగేది బాగా పని తెలిసినవాడే, ఎందుకంటే అతనికి బయట పని దొరుకుతుంది. అతని చేతిలోని బిగువు, అంచు తిప్పే పద్ధతి, చిలపల మీద ముడులు కట్టి రంగులో ముంచే అంచనా అతనితోనే పోతాయి. రేపు మేలైన నూలు టన్నులకొద్దీ వచ్చినా వాటిని ఏ గోదాములోనుంచీ తెప్పించలేం.

ఎక్కడ పట్టుకోవాలి

గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్ మీద చాలా ఆశలున్నాయి. 2023లో కేంద్రం పీఎం మిత్ర పథకంలోకి తీసుకుంది. పిల్లల దుస్తులు కుట్టి ఎగుమతి చేసే కంపెనీ వచ్చింది. వాడేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి పాలిస్టర్ తీసే కంపెనీ ముందుగా పని మొదలుపెట్టినవాటిలో ఉంది. ఉద్యోగాలు రావడం సంతోషమే. కానీ ఆ పార్క్ నిండినంత మాత్రాన కొత్తవాడకు పదో నంబరు చిలప వస్తుందనుకోవడం పొరపాటు. లావు నూలు ఎవరికీ గిట్టదన్న లెక్క పార్క్ గోడల లోపల కూడా అదే. అడిగి, రాయించి, రాయితీకి ముడిపెడితే తప్ప రాదు. పార్క్‌లో స్థలం తీసుకునే స్పిన్నింగ్ మిల్లు ఏదైనా తన నూలులో ఇంత భాగం లావు చిలపలుగా జిల్లాకే ఇవ్వాలన్న షరతు పెట్టడం ప్రభుత్వం చేతిలో పని.

వేములవాడలో 50 కోట్లతో మొదలైన నూలు డిపో సరైన దిక్కులో పడిన అడుగు. సిరిసిల్ల ఆసాములు (మరమగ్గాలు నడిపేవాళ్లు) ముందు డబ్బు కట్టలేక దళారీ దగ్గర చేయి చాచే అవసరాన్ని అది తగ్గిస్తుంది. వరంగల్‌కు కూడా అట్లాంటిదొకటి కావాలి. దానికి రెండు అదనాలు ఉండాలి. దూది ధర తక్కువగా ఉండే డిసెంబరు, జనవరిలోనే ఏడాదికి సరిపడా నూలు కొని పెట్టాలి. డిపోలోనే చిలప బలం, నంబరు, పోగు పొడవు పరీక్షించే చిన్న ల్యాబ్ ఉండి, తప్పిన లాటును డిపోయే మిల్లుకు తిప్పి పంపాలి. ఒక్కో నేతకారుడు చేయలేని ఆ బేరం డిపో చేయగలదు.

అన్నిటికంటే తొందరగా మార్చగలిగింది టెండర్ కాగితం. సంక్షేమ హాస్టళ్లకు జంపఖానాలు కొనేది ప్రభుత్వమే, కాబట్టి ఈ సరుకుకు పెద్ద కొనుగోలుదారుల్లో ప్రభుత్వం ఒకటి. యూరియా బస్తాకు రాసినట్టే జంపఖానాకూ రాయాలి: కనీస బరువు ఇన్ని కిలోలు, పడుగు అంగుళానికి ఇన్ని పోగులు, పేక ఇన్ని, నూలు రింగు నూలే, రంగు వ్యాట్ రంగే. అంత రాసి తక్కువ ధరకు అడిగితే నేతకారుడి మెడ మీద ఇంకో కత్తి పెట్టినట్టవుతుంది. కాబట్టి అదే కాగితంలో నూలు ధర ఇంత శాతం పెరిగితే జంపఖానా ధర ఇంత పెరుగుతుందన్న నిబంధన, సరుకు అందిన ముప్పై రోజుల్లో బిల్లు చెల్లించాలన్న గడువు, గడువు దాటితే వడ్డీ కూడా రాసి ఉండాలి. హాస్టల్ వార్డెన్ దగ్గర ఒక తూకం యంత్రం, ఒక తెల్ల గుడ్డ ఉంటే సరుకు దింపుకునే రోజునే తేలిపోతుంది.